అమ్మ, నాయనల అమెరికా మెడికల్: తిరుపతి నుంచి చెన్నైకి

మా అన్నకు అమెరికా పౌరసత్వం వచ్చాక అమ్మకు, నాయనకు గ్రీన్ కార్డు పిటిషన్ వేశాడు. ఆన్‌లైన్ కాగితాలన్నీ అన్నే చూసుకున్నాడు. పోలీస్ క్లియరెన్స్ పని తిరుపతి పాస్‌పోర్ట్ సేవా కేంద్రంలోనే అయిపోయింది. మిగిలింది మెడికల్, అంటే వీసా ఇవ్వకముందు చేసే ఆరోగ్య పరీక్ష. తిరుపతిలో ఉంటున్నది నేను కాబట్టి అది నా వంతు.

స్విమ్స్ ఉంది, రుయా ఉంది, వేలూరు రెండు గంటల దూరం, చెన్నై దాకా ఎందుకని నాయన అడిగాడు. ఎంత పెద్ద ఆస్పత్రయినా సరే, కాన్సులేట్ జాబితాలో ఉన్న ప్యానెల్ డాక్టరు చేసిన మెడికల్ మాత్రమే చెల్లుతుంది. మాకు దగ్గర చెన్నై. హైదరాబాద్‌లో కూడా చేస్తారు గానీ, అరవై దాటినవాళ్లను రాత్రంతా రైల్లో తీసుకెళ్లడం నాకు ఇష్టం లేకపోయింది.

2025 ఫిబ్రవరిలో అపాయింట్‌మెంట్ దొరికింది. ఊళ్లో అందరూ తలా ఒక మాట చెప్పి పంపారు. షుగర్ ఉంటే వీసా ఇవ్వరట, బీపీ ఎక్కువుంటే వెనక్కి పంపుతారట. నాయనకు రెండూ ఉన్నాయి. వారం రోజులు అన్నం మానేసి రాగి సంగటి తిన్నాడు పాపం. అప్పట్లో ఆ భయం అక్కర్లేకపోయింది. వాళ్లు ముఖ్యంగా చూసేది టీబీ లాంటి అంటువ్యాధులు, టీకాలు, మత్తు అలవాట్లు, ఎదుటివాళ్లకు ప్రమాదం తెచ్చే మానసిక సమస్యలు. షుగర్, బీపీ ఉంటే రాసుకుంటారు, వాడే మందులు అడుగుతారు. వాటి వల్ల మాకు వీసా ఆగలేదు. హెచ్ఐవీ కూడా 2010 నుంచి ఆ జాబితాలో లేదు.

మా ఇంట్లో అసలు టెన్షన్ వేరే ఉంది, అది నాకు అప్పటికి తెలియదు.

పొద్దున్నే బయల్దేరే గరుడాద్రిలో సీట్లు బుక్ చేశాను. రేణిగుంట, పుత్తూరు, ఏకాంబరకుప్పం, తిరుత్తణి, అరక్కోణం మీదుగా దాదాపు మూడు గంటల్లో చెన్నై సెంట్రల్. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకు నేను రైలే చెబుతాను. బస్సులు ఎక్కువే ఉన్నాయి గానీ, ఇప్పుడు ఆంధ్రా బస్సులకు స్టాండు మాధవరంలో. అక్కడి నుంచి సిటీలోకి ఇంకో ప్రయాణం. సెంట్రల్‌లో దిగితే మెట్రో అక్కడే, లిఫ్టు ఉంది, మోకాళ్ల నొప్పులున్న అమ్మకు అది పెద్ద మేలు. కడప, అనంతపురం నుంచి వచ్చేవాళ్లు ముందు రాత్రి తిరుపతిలో ఆగాలనుకుంటే స్టేషన్ ఎదురుగా ఉన్న విష్ణునివాసం వీలు. శ్రీనివాసం బస్టాండు వైపు. రెండూ టీటీడీవే కాబట్టి రద్దీ రోజుల్లో గది దొరుకుతుందని నమ్ముకోవద్దు, ముందే బుక్ చేసుకోవాలి.

క్లినిక్ శుభ్రంగా ఉంది. సగం మంది తెలుగువాళ్లే. పాస్‌పోర్టు, అపాయింట్‌మెంట్ లెటర్, ఫొటోలు, టీకాల కాగితాలు చూశారు. మావాళ్లకు టీకాల కాగితాలు ఎక్కడివి? వయసును బట్టి అక్కడే వేశారు. నాయన పుట్టింది 1955లో, 1957కు ముందు పుట్టినవాళ్లకు ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా టీకా) అక్కర్లేదు. అమ్మ పుట్టింది 1961లో కాబట్టి వేశారు. నాయనకు 65 దాటింది కాబట్టి న్యుమోనియా టీకా పడింది. చలికాలం కాబట్టి ఫ్లూ టీకా ఇద్దరికీ. చిన్నప్పుడు ఆటలమ్మ పోసిందని ఇద్దరూ చెబితే డాక్టరమ్మ ఆ మాట తీసుకుంది. కోవిడ్ టీకా తప్పనిసరి అన్న నిబంధన 2025లో తీసేశారు. ఫీజు కాన్సులేట్‌కు కాదు, నేరుగా క్లినిక్‌కే కట్టాలి.

ఛాతీ ఎక్స్‌రే 15 ఏళ్లు నిండిన అందరికీ ఉంటుంది. అంతకంటే చిన్నపిల్లలకు రెండేళ్ల నుంచి టీబీ కోసం రక్తపరీక్ష. నాయన ఎక్స్‌రేలో కాలర్ బోన్ ఒకచోట లావుగా కనిపించిందట. "ఇది ఎప్పుడు విరిగింది?" అని డాక్టరమ్మ అడిగితే నాయన ముఖం వెలిగిపోయింది. మామిడిచెట్టు మీద నుంచి పడింది, పుత్తూరు కట్టు కట్టించుకున్నది, కట్టు విప్పేదాకా చెయ్యి కదపనిది అంతా చెప్పాడు. ఆమె ఓపిగ్గా విన్నది. అమ్మను మాత్రం ఒక్కదాన్నే లోపలికి పిలిచి, తర్వాత నన్ను పిలిచారు. ఊపిరితిత్తి పైభాగంలో పాత మచ్చ ఉంది, మూడు రోజులు వరసగా కళ్లె ఇవ్వాలి అన్నారు.

అప్పుడు చెప్పింది అమ్మ. "పాపా, నాకు ఆ జబ్బు వచ్చిపోయింది. నువ్వు పుట్టకముందు." 1989లో మదనపల్లి దగ్గర ఆరోగ్యవరంలో ఉండి మందులు వాడిందట. 1915లో మొదలైన టీబీ శానిటోరియం అది. మా చిత్తూరు వైపు ఒకప్పుడు ఆ ఊరి పేరెత్తితే చాలు, గొంతు తగ్గించి మాట్లాడేవాళ్లు. పెళ్లి సంబంధాలు చెడిపోతాయని మా నాయనమ్మ ఎవరికీ చెప్పనివ్వలేదు. అన్నకు తెలియదు, నాకూ తెలియదు. ముప్పై ఐదేళ్లు మా అమ్మ ఒక్కతే మోసింది.

నాకు కోపం వచ్చింది ఇంకొకరి మీద. తిరుపతిలో ఫారాలు నింపే ఒకతను "పాత జబ్బుల సంగతి ఎత్తకండి, లేనిపోని చిక్కు" అని అమ్మకు ముందే చెప్పి పంపాడట. ఇంకో స్కానింగ్ సెంటర్‌లో ధైర్యం కోసం ఎక్స్‌రే తీయించుకుంటే అంతా నార్మల్ అని రాసిచ్చారు. దయచేసి ఇలాంటి సలహాలు వినకండి. నయమైపోయిన టీబీ వల్ల వీసా పోదు. అబద్ధం చెబితే పోతుంది. చూపించాల్సిన కాగితం దాచిపెట్టి మా అమ్మ ఆ గదిలో వణికిపోయింది.

మర్నాటి నుంచే మూడు రోజులు రావాలన్నారు. రోజూ తిరుపతి నుంచి వచ్చిపోదామని నాయన అన్నాడు. లెక్క వేస్తే కుదరలేదు. పరగడుపున, పొద్దున్నే కళ్లె ఇవ్వాలి. రైలు వచ్చేసరికే ఆలస్యం. ఎగ్మోర్ దగ్గర ఒక లాడ్జిలో మొదటి రాత్రి ఉన్నాం. అద్దె తక్కువే, కానీ రెండో అంతస్తు, లిఫ్టు లేదు, రాత్రంతా రోడ్డు మీద హారన్లు. అమ్మకు నిద్ర లేదు. రెండో రోజు క్లినిక్‌కు నడిచి వెళ్లేంత దూరంలో వంటగది ఉన్న సర్వీస్ అపార్ట్‌మెంట్ తీసుకున్నాను. అద్దె రెట్టింపయింది. అయినా నేను మళ్లీ చేయాల్సి వస్తే మొదటి రోజే అది తీసుకుంటాను. నాయన షుగర్ టైముకు ఇంత ఉప్మా చేసిపెట్టగలిగాను, క్లినిక్‌కు ఆటో బేరం లేదు.

కళ్లె ఇచ్చే చోటు మేడ మీద, గాలి వచ్చే చిన్న గది. మూత తిప్పి బిగించే చిన్న ప్లాస్టిక్ డబ్బా, దాని మీద అమ్మ పేరు, తేదీ. నర్సు తమిళంలో చెప్పింది, ఉమ్మి వద్దు, బాగా ఊపిరి పీల్చి లోపల్నుంచి దగ్గి తీయమని. మా చిత్తూరువాళ్లకు తమిళం కొత్త కాదు కదా, అమ్మ తలూపింది. మొదటి రోజు నాలుగుసార్లు దగ్గినా చాల్లేదు. నర్సు గోరువెచ్చని నీళ్లతో నోరు పుక్కిలించమంది, వీపు మీద మెల్లగా తట్టింది. కసురుకోలేదు, దూరంగా జరగలేదు. మాస్కు వెనక నుంచే "నల్లా ఇరుక్కు అమ్మా" అంది. అంటే బాగుంది అని. మా అమ్మ ఆ మాట ఇప్పటికీ తలుచుకుంటుంది.

మూడు కళ్లెల్లోనూ మైక్రోస్కోపులో ఏమీ కనబడలేదు. కానీ కళ్లెలో టీబీ క్రిమి పెరుగుతుందేమో చూసే కల్చర్ రిపోర్టుకు ఎనిమిది వారాలు పట్టొచ్చు. ముంబైలో వీసా ఇంటర్వ్యూ మార్చి నెలాఖరుకు ఉంది, దాన్ని మే నెలకు మార్చుకున్నాం. కాబట్టి ఇంట్లో ఎవరికైనా పాత టీబీ ఉంటే ఇంటర్వ్యూకు వారం ముందు మెడికల్ పెట్టుకోకండి. ఫ్లైట్ టికెట్లు అసలే కొనొద్దు.

ఊరికి వచ్చాక అమ్మ భూమి పాసుపుస్తకం కవర్లోంచి మడతలు నలిగిన ఒక చీటీ తీసింది. ఆరోగ్యవరంలో ఇంటికి పంపేటప్పుడు ఇచ్చింది. ఇంకు వెలిసిపోయినా తేదీలు, మందుల పేర్లు చదవొచ్చు. ఫొటో తీసి క్లినిక్‌కు పంపాను, ఫైల్లో చేర్చుకున్నారు.

ఇంకో సంగతి మా తిరుపతివాళ్లకే చెప్పాలి. మెడికల్ బాగా జరిగితే తలనీలాలు ఇస్తానని అమ్మ మొక్కుకుంది. వీసా ఫొటో ఆరు నెలల లోపుదై, ఇప్పటి ముఖానికి సరిపోవాలి. గుండుతో ఇంటర్వ్యూకు వెళితే కొత్త ఫొటోలు, కొత్త ప్రశ్నలు. స్వామికి తొందర లేదులే అమ్మా అని నచ్చజెప్పి ఆపాను.

ఏప్రిల్ చివర్లో కల్చర్ నెగటివ్ వచ్చింది. మచ్చ ఉంది కాబట్టి క్లాస్ బీ1 అని రాశారు. అది తిరస్కరణ కాదు. అమెరికా వెళ్లాక అక్కడి హెల్త్ డిపార్ట్‌మెంటు ఒకసారి చూస్తుంది, అంతే. కానీ దీంతో మెడికల్ గడువు ఆరు నెలలకు బదులు మూడు నెలలే, ఆలోపు బయల్దేరాలి. ముంబైలో బాంద్రా కుర్లా కాంప్లెక్స్‌లో ఇంటర్వ్యూ పావుగంట కూడా పట్టలేదు. ఇద్దరికీ ఇచ్చారు.

జూన్‌లో టికెట్లు. ముంబై నుంచి వచ్చిన మూడో రోజే అమ్మ కొండకు వెళ్దామంది. వీసా వచ్చేసినా పాస్‌పోర్టు ఫొటోలో జుట్టు ఉందే, దిగినచోట ఆఫీసరు ఏమైనా అంటాడేమోనని నేను నసిగాను. "అనేవాళ్లుంటే అనుకోనీ పాపా, ఈసారి నేనే చెప్పుకుంటా" అని కల్యాణకట్టలో కూర్చుంది. చీటీ ఇప్పుడు పాసుపుస్తకంలో లేదు. టీకాల కాగితాలతో పాటు ఆమె హ్యాండ్‌బ్యాగులో, పై అరలో ఉంది.