వారానికో ఆల్బమ్: మూడేళ్లు విన్నాక

మూడేళ్ల క్రితం ఒక సోమవారం మొదలుపెట్టాను. వారానికి ఒక ఆల్బమ్, అదీ అంతకుముందు పూర్తిగా విననిది. ఒక వారం రాక్ అయితే మరుసటి వారం హిప్‌హాప్. పాటల వరుస మార్చకుండా, వారంలో కనీసం మూడుసార్లు వినాలన్నది తర్వాత చేరిన నియమం. ఇప్పటికి నోట్‌బుక్‌లో 141 పేర్లు చేరాయి. ఈ అలవాటు వల్ల లాభం ఉందా అంటే, చాలా ఉంది. కానీ ఆ మూడుసార్లు వినడంలోనే ఉంది.

ఈ సంగతి నాకు మొదట్లో తెలియలేదు. తొలి రోజుల్లో ఒక్కసారి విని, పదికి ఇన్ని అని మార్కులు వేసేవాణ్ణి. 1994లో వచ్చిన రాపర్ నాస్ ‘ఇల్మాటిక్’కి ఐదు వేశాను. పది ట్రాక్‌లు, నలభై నిమిషాలు. బీట్ బాగుంది, మాటలు మాత్రం చెవిలో పడేలోపే దాటిపోయాయి. ఏడాది తర్వాత సాహిత్యం ముందు పెట్టుకుని మళ్లీ విన్నాను. ‘వన్ లవ్’ జైల్లో ఉన్న స్నేహితులకు రాసిన ఉత్తరాల్లా సాగుతుందని అప్పుడు అర్థమైంది. ఆ ఆల్బమ్ వచ్చేనాటికి నాస్‌కి ఇరవై ఏళ్లే. ఆ రోజే మార్కులు వేయడం మానేశాను.

ఇప్పుడు నా పద్ధతి ఇది. మొదటిసారి ఏమీ చదవకుండా వింటాను. రెండోసారి సాహిత్యం చూస్తూ. మూడోసారి కళ్లు మూసుకుని. రాక్‌కి రెండోసారి చదవడం అంతగా అవసరం పడదు, హిప్‌హాప్‌కి మాత్రం తప్పనిసరి.

వరుస ఎందుకు ముఖ్యమో రాపర్ కెండ్రిక్ లామార్ ‘టు పింప్ ఎ బటర్‌ఫ్లై’ (2015) నేర్పింది. పాటల మధ్య ఒక కవిత వస్తుంటుంది. వచ్చిన ప్రతిసారీ ఇంకొంచెం పెరుగుతుంది. చివరి పాటలో కవిత మొత్తం చదివాక, అది ఎవరికి వినిపిస్తున్నాడో తెలుస్తుంది: 1996లోనే చనిపోయిన రాపర్ టూపాక్‌కి. 1994 నాటి టూపాక్ ఇంటర్వ్యూ గొంతును తీసుకుని, ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుంటున్నట్టు కూర్చారు. షఫుల్‌లో, అంటే పాటల వరుస కలిపేసి వింటే ఇందులో ఏదీ అందదు. నేను వాడే యాప్ ఆల్బమ్‌ని దానంతట అదే షఫుల్‌లో మొదలుపెట్టేది. రెండు వారాలు గమనించలేదు. ఆ రెండు ఆల్బమ్‌లనీ మళ్లీ మొదటి నుంచి విన్నాను.

పాటకీ పాటకీ మధ్య యాప్ పెట్టే విరామం కూడా చూసుకోండి. రాక్ బృందం పింక్ ఫ్లాయిడ్ ‘ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్’లో (1973) పాటలు ఒకదానిలోంచి ఒకటి పుట్టుకొస్తాయి. మధ్యలో అర సెకను నిశ్శబ్దం పడినా ఆ దారం తెగిపోతుంది. ‘ది గ్రేట్ గిగ్ ఇన్ ది స్కై’ దగ్గర రికార్డు మొదటి వైపు ముగుస్తుంది, ‘మనీ’తో రెండో వైపు మొదలవుతుంది. అక్కడ మాత్రం కావాలనే ఒక నిమిషం ఆపి వింటాను.

నాకు ఎక్కువ ఆనందం ఇచ్చింది మాత్రం రాక్ వారం, హిప్‌హాప్ వారం ఒకదాన్నొకటి పలకరించుకోవడం. 1971లో వచ్చిన బ్లాక్ సబ్బత్ ‘మాస్టర్ ఆఫ్ రియాలిటీ’ విన్నాను. గిటారిస్ట్ టోనీ అయోమీకి ఫ్యాక్టరీ ప్రమాదంలో రెండు వేళ్ల కొసలు తెగిపోయాయి. వేళ్లకు సులువుగా ఉండేలా ఈ ఆల్బమ్‌లో చాలా పాటలకు తీగలను వదులు చేసి, స్థాయి దించి వాయించాడు. ఆ బరువైన శబ్దం వారమంతా నన్ను వదల్లేదు. మరుసటి వారం బీస్టీ బాయ్స్ ‘లైసెన్స్‌డ్ టు ఇల్’ (1986) పెట్టగానే, మొదటి పాటలోనే ఆ సబ్బత్ ఆల్బమ్‌లోని ‘స్వీట్ లీఫ్’ పాట గిటార్ వినపడింది! దాని కింద లెడ్ జెపెలిన్ ‘వెన్ ద లెవీ బ్రేక్స్’ డ్రమ్స్. ఆ డ్రమ్స్‌ని ఒక పాత భవనం హాల్లో పెట్టి, పైనుంచి మైకులు వేలాడదీసి రికార్డు చేశారు. ఆ గది గాలి పదిహేనేళ్ల తర్వాత ఇంకొకరి పాటలో తిరుగుతోంది. శాంపుల్ అంటే, పాత రికార్డులోని ముక్కను కొత్త పాటలో వాడుకోవడం అంటే ఏమిటో అంతవరకు చదివి తెలుసుకున్నాను, అప్పుడు చెవితో తెలుసుకున్నాను.

ఇబ్బందులూ ఉన్నాయి. పొడవు పెద్ద సమస్య. డెబ్బైల రాక్ ఆల్బమ్ నలభై నిమిషాల్లో అయిపోతుంది, సీడీల కాలం వచ్చాక హిప్‌హాప్ ఆల్బమ్‌లు గంట దాటేశాయి. అలాంటి వారాల్లో మూడోసారి వినడం ఆదివారం రాత్రికి వాయిదా పడి టెన్షన్ పెడుతుంది. ప్రతి శుక్రవారం వచ్చే కొత్త విడుదలల వెంట పడదామని కొన్నాళ్లు చూశాను, రెండు నెలలకే అలసిపోయాను. ‘కొత్త’ అంటే నాకు కొత్త అయితే చాలు. పాత ఇష్టాలకు సమయం దొరకట్లేదన్న బాధ కూడా నిజమే. అందుకే ప్రతి ఐదో వారం జాబితాలోంచి ఒకదాన్ని మళ్లీ వింటున్నాను. ఫోన్ స్పీకర్‌తో మాత్రం వినకండి, బేస్ సగం పోతుంది.

ఈ వారం హిప్‌హాప్ జంట మ్యాడ్‌విలన్ ‘మ్యాడ్‌విలనీ’ (2004). 46 నిమిషాల్లో 22 ట్రాక్‌లు. సోమవారం విన్నప్పుడు ఏ పాటా నిలబడకుండానే వెళ్లిపోయింది, పల్లవి కోసం ఎదురుచూస్తుంటే పాట అయిపోతోంది. నిన్న సాహిత్యంతో కూర్చుంటే ‘అకార్డియన్’ పాట దగ్గర మూడుసార్లు వెనక్కి వెళ్లాను. మూడో వినికిడి ఈ రాత్రికి.