ముందస్తు కాన్పు ఆపడానికి: వారానికో ఇంజెక్షనా, రాత్రిపూట మాత్రా?

రెండూ ప్రొజెస్టిరాన్ తరహా హార్మోన్ మందులే. వారానికోసారి వేసే 17-ఓహెచ్‌పీసీ ఇంజెక్షన్‌కు అమెరికాలో 2011లో మకేనా పేరుతో అనుమతి వచ్చింది. 2019లో వెలువడిన పెద్ద పరీక్షలో మాత్రం మందు లేని ఇంజెక్షన్‌కూ దీనికీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. చివరికి 2023 ఏప్రిల్‌లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆ అనుమతి రద్దు చేసింది. అన్నేళ్లు ఆశతో సూదులు వేయించుకున్న తల్లుల్ని తలుచుకుంటే బాధేస్తుంది.

రెండోది రాత్రిపూట యోనిలో పెట్టుకునే ప్రొజెస్టిరాన్ మాత్ర, సాధారణంగా 200 మిల్లీగ్రాములు. కడుపులో ఒకే బిడ్డ ఉండి, ఐదో నెల స్కాన్‌లో సర్విక్స్ (గర్భాశయ ముఖద్వారం) పొడవు 25 మిల్లీమీటర్లు మించనివాళ్లలో ఇది ముందస్తు కాన్పులను తగ్గిస్తుందని తేలింది. సూది నొప్పి లేదు, కాస్త చెమ్మ చిరాకు తప్ప. నా ఓటు దీనికే. గర్భిణులందరికీ అవసరమైన మందు మాత్రం కాదు. స్కాన్‌కి వెళ్లినప్పుడు సర్విక్స్ కొలత ఎంతో డాక్టర్‌ని అడగండి.