పప్పు ఉడకని నీళ్లలో బజారు షాంపూ: బిరుసు రింగుల జుట్టు మీద మూడేళ్ల వాడకం

ముందు జుట్టు సంగతి చెప్పాలి. లేకపోతే కింద రాసిన కొలతలు ఎవరికి పనికొస్తాయో తెలియదు. ఒక్కో వెంట్రుక ముతక, వేళ్ల మధ్య పెట్టి నలిపితే కుట్టుదారంలా తెలుస్తుంది. తడిగా ఉన్నప్పుడు నడుము దాకా వస్తుంది, ఆరాక రింగులు ముడుచుకుని భుజాల కింద బెత్తెడే. రంగు వేయలేదు, స్ట్రెయిటెనింగ్ చేయలేదు. ఆరిన జుట్టులో దువ్వెన పెడితే గంపంత అవుతుంది. ఊరు నల్లగొండ. నీళ్లు ఎక్కువగా బోరువి, నల్లా వచ్చిన రోజు కృష్ణ నీళ్లు. తల పోసుకునేది వారానికి ఒక్కసారి.

వాడినవన్నీ కిరాణా కొట్లో, మెడికల్ షాపులో దొరికే మామూలు సరుకే. పేర్లు రాయడం లేదు. ఒకే పేరు కింద పది రకాలు వస్తాయి, రెండేళ్లకోసారి లోపలి సరుకు మారుతుంది. సీసా వెనక చిన్నక్షరాలు చదవడం వస్తే పేరుతో పనిలేదు.

తీర్పు ముందే చెప్పేస్తాను. షాంపూకు షాంపూకు మధ్య తేడా కొంచెమే. జుట్టును దారికి తెచ్చేది కండిషనర్. అయితే సీసా మీద రాసే కొలత సాఫుగా జారే జుట్టును చూసి రాసింది. రింగుల జుట్టుకు అది ఏ మూలకూ చాలదు.

అంతకంటే ముందు నీళ్లు. నల్లగొండ నీళ్లంటే అందరికీ ఫ్లోరైడే గుర్తొస్తుంది. జుట్టు మీద పేరుకునేది మాత్రం కాల్షియం, మెగ్నీషియం. తాగునీటికి మన దేశ ప్రమాణం ప్రకారం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే దిక్కు లేనప్పుడు 600 దాకా ఒప్పుకుంటారు. ఇంట్లో కొలిచే యంత్రం అక్కర్లేదు. కందిపప్పు ఎంతసేపు పెట్టినా మెదగకపోతే, హీటర్ రాడ్‌కు తెల్లటి గార పడుతుంటే అవి గట్టి నీళ్లే. పాలమూరు వైపు, దేవరకొండ వైపు బోర్లున్న ఇళ్లలో ఇది కొత్త సంగతేం కాదు. ఒంటి సబ్బు తలకు రుద్దితే ఈ నీళ్లలో సబ్బు విరిగి జిగట మడ్డిలా వెంట్రుకకు అంటుకుంటుంది, ఎంత కడిగినా పోదు. అందుకే సబ్బుకు సున్నా మార్కులు. షాంపూ అలా విరగదు, నురుగు తగ్గుతుందంతే. నురుగు రాలేదని మూడో రూపాయి ప్యాకెట్ చింపడమే ఎక్కువ మంది చేసే తప్పు. మురికి పోవడానికి అంత నురుగు అక్కర్లేదు.

షాంపూ కొలత: 3 చిన్న చెంచాలు, అంటే 15 మిల్లీలీటర్లు. చెంబులో గ్లాసెడు నీళ్లు పోసి, అందులో కలిపి, మాడు మీద కొంచెం కొంచెం పోస్తూ వేళ్ల కొసలతో రుద్దాలి. చిక్కగా తీసుకెళ్లి నడినెత్తిన పెడితే అది అక్కడే ఉండిపోతుంది, చెవుల వెనక, మెడ మీద మురికి అలాగే మిగులుతుంది. జడ పొడవునా రుద్దొద్దు. కడిగేటప్పుడు కిందికి జారే నురుగే దానికి చాలు. బట్ట ఉతికినట్టు రెండు చేతుల మధ్య వేసి రుద్దితే వెంట్రుక పైపొర పొలుసులు లేచి అక్కడే చిక్కు పడుతుంది.

షాంపూలో రెండు జాతులున్నాయి. ముత్యంలా మెరుస్తూ పాలలా ఉండేవాటిలో సాధారణంగా డైమెథికోన్ గానీ డైమెథికోనాల్ గానీ ఉంటుంది, రెండూ వెంట్రుక మీద పూత పెట్టే సిలికాన్లే. మొదటి నాలుగైదు వారాలు చాలా బాగుంటాయి, జుట్టు చేతికి మెత్తగా తగులుతుంది. తర్వాత మైనం రాసినట్టు బరువెక్కుతుంది. తల మీద నీళ్లు పోస్తే లోపలికి ఇంకకుండా గుండ్లుగుండ్లుగా జారిపోతే పూత పేరుకుందని గుర్తు. ఆ వారం రెండో జాతి వాడాలి. అది అద్దంలా అవతలి వైపు కనపడే షాంపూ, మురికిని గట్టిగా వదిలించే సోడియం లారెత్ సల్ఫేట్ ఉన్నదే. రెండుసార్లు పోసి కడిగితే పూత వదులుతుంది. నెలకోసారి చాలు. ప్రతివారం అదే వాడితే కొసలు చీపురు పుల్లలవుతాయి. సల్ఫేట్ లేనివి కూడా వాడి చూశాను. మెత్తగానే ఉంటాయి గానీ ముందు రోజు నూనె పెట్టిన తలకు ఒక్కసారి పోస్తే వదలదు, రెండోసారి పోయాల్సిందే. అప్పుడిక లాభమేముంది?

ఇప్పుడు కండిషనర్. వెనక జాబితాలో నీళ్ల తర్వాత వచ్చే పేర్లు చూడండి. సీటియరిల్ ఆల్కహాల్, సీటైల్ ఆల్కహాల్ ఉంటే భయపడొద్దు. పేరులో ఆల్కహాల్ ఉన్నా అది మైనం లాంటి మెత్తటి కొవ్వు, ఎండబెట్టదు. దాని పక్కనే బెహెన్‌ట్రైమోనియం క్లోరైడ్ (వెంట్రుకకు అంటుకుని మెత్తబరిచేది) ఉంటే ముతక జుట్టుకు మంచి సరుకు. సెట్రిమోనియం క్లోరైడ్ ఒక్కటే ఉన్నవి పలచగా ఉంటాయి, మనకు చాలవు. ముందు బొమ్మలో ఆర్గాన్ నూనె, బాదం, ఉల్లి ఏది వేసినా, జాబితాలో అది పెర్ఫ్యూమ్ అన్న మాట తర్వాత ఉంటే వాసన చూపించేంతే వేశారని లెక్క.

వాడే పద్ధతి ఇది. షాంపూ కడిగాక జుట్టును పిండొద్దు. ధార ఆగి చుక్కలు పడే దాకా చేత్తో కిందికి దూసి వదిలేయాలి. నాలుగు పాయలు చేయాలి. ఒక్కో పాయకు 2 చెంచాలు, మొత్తం 40 మిల్లీలీటర్లు. చెవుల కింది నుంచి కొస దాకా పట్టించాలి, మాడుకు వద్దు. పట్టించగానే జుట్టు మొత్తం పీల్చేసినట్టు, ఏమీ రాయనట్టు కనిపిస్తుంది. అందరూ ఇక్కడే ఇంకో గుప్పెడు తీసుకుంటారు. తీసుకోవద్దు, నీళ్లు కలపాలి. మగ్గులోంచి దోసెడు నీళ్లు పాయ మీద వేసి, కొస నుంచి పైకి గుప్పిట్లో నొక్కుతూ పోవాలి. మొదట చప్పుడుండదు. రెండో దోసెడుకో మూడో దోసెడుకో పిచిక్ పిచిక్‌మని వినిపిస్తుంది, వేళ్ల సందుల్లోంచి పాల రంగు నీళ్లు కారతాయి. విడివిడిగా లేచి ఉన్న వెంట్రుకలు తాడు పేటల్లా ఒకదానికొకటి కలుస్తాయి. అప్పుడు వెడల్పు పళ్ల దువ్వెనతో ముందు కొస, తర్వాత మధ్య, చివర పైన దువ్వాలి. చిక్కు తీయడం వారం మొత్తంలో ఈ ఒక్కసారే.

5 నిమిషాలు ఉంచితే చాలు. అరగంట ఉంచినా ఎక్కువేం రాలేదు. కడిగేటప్పుడు కిర్రుమనే దాకా కడగొద్దు, వేలు ఇంకా కొంచెం జారుతుండగానే ఆపాలి. 180 మిల్లీలీటర్ల సీసా ఈ లెక్కన నాలుగు తలలకు వస్తుంది. ఖర్చే, కాదనను. 2025 సెప్టెంబర్ 22 నుంచి షాంపూ, తల నూనెల మీద జీఎస్టీ 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. ఆ మిగిలింది ఇటు పెట్టుకోవచ్చు.

బోరు నీళ్లతో కడిగే ఇళ్లలో ఇంకో మెట్టుంది, అది కండిషనర్‌కు ముందు. రెండు లీటర్ల బోరు నీళ్లలో రెండు నిమ్మకాయలు పిండి, గింజలు, పీచు పోయేలా వడకట్టి జుట్టు మీద పోసి, రెండు నిమిషాలాగి, మామూలు నీళ్లతో కడిగేయాలి. నిమ్మ ఉప్పయితే అర చెంచా. వెంట్రుక మీది సున్నం వదులుతుంది. ఈ కొలత బోరు నీళ్లకే. ఆర్‌ఓ నీళ్లలో పులుపును విరిచే సున్నం ఉండదు కాబట్టి అవే పాళ్లలో కలిపితే మరీ ఘాటవుతుంది, అందులో పావు వంతు చాలు. గోకిన పుండ్లుంటే అసలు పోయొద్దు, మంట. వారం విడిచి వారం సరిపోతుంది. నల్లా నీళ్లు దొరికితే ఇదేదీ అక్కర్లేదు, ఒక బకెట్ పట్టిపెట్టుకుని చివరి కడుగుడుకు వాడితే చాలు.

నూనెల్లో కొబ్బరిది వెంట్రుక లోపలికి బాగా దిగుతుంది. సీసాల్లో వచ్చే పలచటి సువాసన నూనెల్లో మినరల్ ఆయిల్ ఎక్కువ, అది పైపైనే ఉంటుంది. ముందు రోజు రాత్రి 2 చెంచాలు కొసలకు రాస్తే తెల్లారి షాంపూ పెట్టే దెబ్బ తగ్గుతుంది. కారేలా పెడితే దాన్ని వదిలించడానికి రెట్టింపు షాంపూ కావాలి, మళ్లీ కథ మొదటికొస్తుంది. చుండ్రున్న మాడుకు నూనె పెట్టడం చుండ్రును మేపడమే.

చుండ్రు షాంపూ, ముఖ్యంగా 2 శాతం కీటోకొనజోల్ అనే ఫంగస్ మందు ఉన్నది, మాడుకు మంచిదే గానీ కొసలను గడ్డి చేస్తుంది. దానికో ఉపాయం ఉంది. ముందే కొసలకు కండిషనర్ పట్టించి ముడేసి, మాడుకు మాత్రం షాంపూ పెట్టి 5 నిమిషాలుంచి, తల వంచి ముందుకు కడగాలి.

కుంకుడుకాయ సంగతి అడుగుతారు. గట్టి నీళ్లలోనూ విరగదు, అది దాని గొప్ప. కానీ ముతక జుట్టుకు గరుకు మిగులుస్తుంది, కుంకుడు పోసుకున్న రోజు కూడా కండిషనర్ తప్పదు.

ఆరబెట్టడానికి బొచ్చు టవల్ వద్దు. పాత నూలు చీర ముక్కతో అదిమి, తడి సగం ఉండగానే సెనగ గింజంత కండిషనర్ గానీ 5, 6 చుక్కల సీరం గానీ అరచేతుల్లో పామి కొసలకు రాసి, ఇక ముట్టుకోకుండా వదిలేయాలి. సీరం అంటే సిలికానే, పోషణ ఏమీ ఉండదు, ఆరిన జుట్టుకు రాస్తే దుమ్ము పట్టుకుంటుంది. గ్లిజరిన్ ఎక్కువున్న జెల్ వానాకాలం దాటాక బాగుంది. ఏప్రిల్, మే ఎండల్లో గాలిలో తేమే ఉండదు, ఆ రెండు నెలలు దాన్ని పక్కన పెట్టి కొబ్బరి నూనె రెండు చుక్కలతో సరిపెట్టాలి.