రూట్ 53: ఏళ్ళ తరబడి వాడాక నా సమీక్ష

వెబ్‌సైటు పేరు అడిగితే దాని సర్వరు ఐపీ అడ్రస్ (నెట్‌లో ఆ సర్వరుకున్న నంబరు) చెప్పే వ్యవస్థే డీఎన్ఎస్. అమెజాన్ వాళ్ళ డీఎన్ఎస్ సర్వీసు రూట్ 53ని ఏళ్ళ తరబడి వాడుతున్నాను. ఒక్క సర్వరుతో నడిచే చిన్న సైట్లకీ, రెండు మూడు రీజియన్లలో (అమెజాన్ డేటా సెంటర్లున్న ప్రాంతాల్లో) ఉన్న అప్లికేషన్లకీ నేను ఎంచుకునేది ఇదే. 2010 చివర్లో వచ్చింది. పేరులోని 53 డీఎన్ఎస్ పోర్టు నంబరు. నా మాట ముందే చెప్పేస్తాను: ఇది చాలా మంచి సర్వీసు, కానీ లోడ్ బ్యాలెన్సర్ (వచ్చే ట్రాఫిక్‌ని సర్వర్ల మధ్య పంచేది) అనుకుని కొంటే నిరాశ తప్పదు. దారి చెప్పడమే దీని పని, బండి తోలడం కాదు.

పేరు చెప్పి అడిగితే ఐపీ అడ్రస్ ఇస్తుంది, అంతటితో దాని పాత్ర అయిపోయింది. అడిగేది కూడా నేరుగా యూజరు కాదు, అతని తరఫున రిసాల్వర్ (ఇంటర్నెట్ కంపెనీయో ఆఫీసో నడిపే, పేర్లని వెతికిపెట్టే సర్వరు). టీటీఎల్ (జవాబు చెల్లుబాటయ్యే గడువు) తీరేదాకా ఆ జవాబుని రిసాల్వర్ తన దగ్గరే ఉంచుకుని, ఈలోగా వచ్చిన మిగతావాళ్ళందరికీ అదే చెబుతుంది. రూటింగ్ పాలసీల (ఏ ప్రశ్నకి ఏ జవాబివ్వాలో తేల్చే నియమాల) బలాలూ బలహీనతలూ చాలావరకు ఇక్కణ్ణుంచే పుడతాయి.

వెయిటెడ్ పాలసీనే తీసుకోండి. ఒక్కో రికార్డుకి (పేరుకి ఐపీ ఏదో చెప్పే ఎంట్రీకి) 0 నుంచి 255 దాకా వెయిట్ ఇవ్వొచ్చు. కొత్త వెర్షన్‌కి 5, పాతదానికి 95 అని పెడితే ఆ నిష్పత్తి డీఎన్ఎస్ ప్రశ్నలకి వర్తిస్తుంది, యూజర్లకి కాదు. ఒక పెద్ద ఆఫీసు మొత్తం ఒకే రిసాల్వర్ వెనక ఉంటే వాళ్ళంతా కాసేపు ఒకేసారి కొత్త వెర్షన్ మీద పడతారు. ట్రాఫిక్ భారీగా ఉన్నచోట సగటున సర్దుకుంటుంది. తక్కువ ట్రాఫిక్ ఉన్న సైట్లలో ఆ శాతాన్ని నేను లెక్కలోకి తీసుకోను.

ఫెయిలోవర్, అంటే ఒక సర్వరు పడిపోతే మరోదానికి మళ్ళించడం, దీని అసలు బలం. హెల్త్ చెక్ (సర్వరు పనిచేస్తోందా లేదా అన్న పరీక్ష) మామూలుగా 30 సెకన్లకోసారి జరుగుతుంది, వరసగా 3 సార్లు విఫలమైతేనే సర్వరు పడిపోయినట్టు లెక్క. అంటే దాదాపు నిమిషన్నర. టీటీఎల్ 60 సెకన్లు పెట్టుకుంటే మొత్తం రెండున్నర నిమిషాలు. 10 సెకన్ల చెక్ తీసుకుంటే మొదటి భాగం అరనిమిషానికి తగ్గుతుంది. ప్రపంచంలో పలుచోట్ల నుంచి చెక్ చేస్తారు. 18 శాతం కంటే ఎక్కువ చెకర్లు బాగుందంటే బాగున్నట్టే. ఏదో ఒక మూల నెట్‌వర్క్ తేడా చేసినంత మాత్రాన సైటు అనవసరంగా పక్కకి మళ్ళదు. ఈ డిజైన్ నాకు బాగా నచ్చింది. రికార్డులన్నీ ఒకేసారి విఫలమైతే అన్నీ బాగున్నట్టే భావించి జవాబిస్తుంది. అదీ సరైనదే, ఎందుకంటే చాలాసార్లు తప్పు మన హెల్త్ చెక్ పేజీలోనే ఉంటుంది. ఆ పేజీలో రెండు రీజియన్లూ పంచుకునే డేటాబేస్‌ని తడిమి చూడకండి. డేటాబేస్ పడితే రెండూ కలిసి పడిపోయినట్టు కనిపిస్తాయి, ఫెయిలోవర్‌కి పోవడానికి చోటే ఉండదు.

ఆ రెండున్నర నిమిషాలు కూడా కాగితం మీద లెక్కే. తెరిచి ఉన్న కనెక్షన్ మళ్ళీ డీఎన్ఎస్‌ని అడగదు. కొన్ని జావా అప్లికేషన్లు సెట్టింగుని బట్టి, రీస్టార్ట్ చేసేదాకా పాత ఐపీనే పట్టుకుని ఉంటాయి. క్షణాల్లో మళ్ళించాలంటే అమెజాన్ గ్లోబల్ యాక్సిలరేటర్ లాంటి ఎనీకాస్ట్ ఐపీ సర్వీసులే (ఒకే ఐపీని చాలాచోట్ల నుంచి అందించేవి) దారి.

లేటెన్సీ పాలసీ దూరాన్ని కాదు, కొలిచిన ఆలస్యాన్ని చూస్తుంది. అయితే యూజరు ఎక్కడున్నాడన్నది రిసాల్వర్‌ని బట్టే ఊహించాలి. గూగుల్ పబ్లిక్ డీఎన్ఎస్ అనే రిసాల్వర్ యూజరు ఐపీలో కొంత భాగాన్ని పంపుతుంది కాబట్టి అంచనా మెరుగ్గా ఉంటుంది. క్లౌడ్‌ఫ్లేర్ 1.1.1.1 ప్రైవసీ కోసం పంపదు. జియోలొకేషన్ (యూజరున్న ప్రాంతాన్ని బట్టి జవాబిచ్చే పాలసీ) వాడితే డిఫాల్ట్ రికార్డు తప్పకుండా పెట్టండి. లేకపోతే ఏ ప్రాంతానికీ చెందని ప్రశ్నకి జవాబే వెళ్ళదు.

అలియాస్ రికార్డు (పేరుని నేరుగా అమెజాన్ సర్వీసుకి ముడిపెట్టేది) గురించి ఒక మంచి, ఒక చెడు. డొమైన్ మూలపేరుకి (example.com లాంటిదానికి) సీనేమ్, అంటే ఒక పేరుని మరో పేరుకి మళ్ళించే రికార్డు, పెట్టకూడదన్న డీఎన్ఎస్ నియమం వల్ల వచ్చే తలనొప్పిని ఇది పూర్తిగా తీర్చేసింది. కానీ అది డీఎన్ఎస్ ప్రమాణంలో లేని సొంత ఏర్పాటు. వేరే ప్రొవైడర్‌కి మారే రోజున వాటన్నిటినీ చేత్తో తిరిగి రాసుకోవాలి.

డిజైన్ చేసేటప్పుడు మరిచిపోకూడనిది ఇంకొకటుంది. వంద శాతం అందుబాటు అన్న హామీ జవాబులివ్వడానికే. రికార్డులు మార్చే భాగం నార్త్ వర్జీనియా రీజియన్ మీద ఆధారపడుతుంది. అందుకని ప్రమాదం వచ్చినప్పుడు కన్సోల్ తెరిచి రికార్డు మారుద్దాం అనే ప్లాన్ నాకు టెన్షన్ పుట్టిస్తుంది. ప్రైమరీ, సెకండరీ రెండూ హెల్త్ చెక్‌తో ముందే రాసి ఉంచుతాను.

సర్వరు మార్చేటప్పుడు మాత్రం నా పద్ధతి పాతదే. పాత టీటీఎల్ గడువు పూర్తిగా తీరేలా ముందుగానే దాన్ని 60కి తగ్గిస్తాను. మారాక కూడా, లాగ్ ఫైళ్ళలో (సర్వరుకి వచ్చినవాటి చిట్టాలో) రిక్వెస్టులు ఆగేదాకా పాత సర్వరుని ఆపను. ఆ రిక్వెస్టులు టీటీఎల్ దాటాక కూడా చాలాసేపు వస్తూనే ఉంటాయి.