గ్రూప్స్ ముందా, రింగ్స్ ముందా?

ఎస్వీ యూనివర్సిటీ ఎమ్మెస్సీలో కొత్తగా చేరినవాళ్లు, చిత్తూరు, పుత్తూరు వైపు డిగ్రీ చదివే పిల్లలు ఏటా ఇదే అడుగుతారు: "సార్, ఆల్జీబ్రా సొంతంగా చదవాలంటే గ్రూప్స్‌తో మొదలుపెట్టాలా, రింగ్స్‌తోనా?"

ఐఐటీల్లో ఎమ్మెస్సీ సీటుకు రాసే జామ్ పరీక్ష దగ్గరపడితే ఆలోచించే పనే లేదు. దాని సిలబస్‌లో గ్రూప్స్ ఉన్నాయి, రింగ్స్ లేవు. లెక్చరర్ అర్హత పరీక్ష నెట్‌కైతే రెండూ కావాలి, గాల్వా థియరీతో (సమీకరణాల మూలాలను గ్రూప్స్ సాయంతో చూసే సిద్ధాంతం) సహా. సెమిస్టర్ నడుస్తుంటే క్లాసులో చెప్పే వరసే మీ వరస. పరీక్ష తొందర లేనివాళ్ల గురించే ఈ మాటలు.

గ్రూప్ అంటే ఒక సమితి, అందులోని మూలకాలను కలిపే ఒకటే ఆపరేషన్ (కూడిక లాంటిది). నిర్వచనం బోర్డు మీద నాలుగు లైన్లలో అయిపోతుంది. రింగ్‌కి కూడిక, గుణకారం లాంటి రెండు ఆపరేషన్లు, రెంటినీ ముడివేసే విభాగ న్యాయం. కాగితం మీద గ్రూపే తేలిక, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ పిల్లలు చతికిలబడేది నిర్వచనం దగ్గర కాదు, కోషెంట్ దగ్గర, అంటే కొన్ని మూలకాలను ఒకటిగా లెక్కేసి కొత్త గ్రూపో, రింగో కట్టే చోట. నా మటుకు ఏది ముందో తేల్చేది అదొక్కటే.

గ్రూప్స్‌లో ఒక సబ్‌గ్రూప్‌ని (లోపలి చిన్న గ్రూప్) ఏ మూలకంతోనైనా ఎడమనుంచి గుణిస్తే వచ్చే ఎడమ కోసెట్, కుడినుంచి గుణిస్తే వచ్చే కుడి కోసెట్ ఒకటైతేనే నార్మల్ సబ్‌గ్రూప్ అంటాం. కోషెంట్ కట్టడానికి పనికొచ్చేది అదే. ఎందుకలా అని అడిగితే క్లాసులో సగం మంది తల దించుకుంటారు. చేతిలో ఉన్న ఉదాహరణేమో మూడు వస్తువుల ప్రస్తారాలు, దానితో పరిచయమే నిన్న మొన్నటిది.

ఇదే ప్రశ్న రింగ్స్‌లో వేసి చూడండి. అకరణీయ సంఖ్యల్లో పూర్ణ సంఖ్యలన్నిటినీ సున్నాగా లెక్కేద్దాం. అప్పుడు 1/2, 3/2 రెండూ ఒకటే, తేడా 1 కాబట్టి. రెంటినీ 1/2తో గుణించండి. 1/4, 3/4 వస్తాయి. వాటి తేడా 1/2, అది పూర్ణ సంఖ్య కాదు. ఒకటే అనుకున్నదానికి రెండు జవాబులు! పూర్ణ సంఖ్యను భిన్నంతో గుణిస్తే పూర్ణ సంఖ్యల్లోంచి బయటికి పోవడంవల్లే ఇలా చెడింది. సున్నాగా లెక్కేసే గుంపు, కూడిక తీసివేతల్లోనే కాక రింగ్‌లో దేనితో గుణించినా బయటికి పోకూడదు. అలాంటి గుంపే ఐడియల్. తొమ్మిదో తరగతి లెక్కతో కారణం కళ్ల ముందుంటుంది, బట్టీ పట్టక్కర్లేదు.

ఫీల్డ్స్‌కి (గుణకారంలో వరస మారినా ఫర్వాలేక, సున్నా తప్ప దేనితోనైనా భాగించగల రింగ్స్) కూడా దారి ఇక్కడినుంచే. నాలుగు మూలకాల ఫీల్డ్ చెప్పమంటే చాలామంది 4తో భాగిస్తే వచ్చే శేషాలు అంటారు. అందులో 2×2 సున్నా అవుతుంది, కాబట్టి ఫీల్డ్ కాదు. గుణకాలు 0, 1 మాత్రమే (1+1=0) ఉన్న బహుపదులు తీసుకుని, ఎక్స్ స్క్వేర్ ప్లస్ ఎక్స్ ప్లస్ వన్‌ని సున్నా చేయండి. ఎక్స్‌కి 'క' అని పేరు పెడితే మిగిలేవి 0, 1, క, క+1. ఇక క²=క+1, క×(క+1)=1. సున్నా కానివాటన్నిటికీ విలోమం దొరికింది. ఐడియల్ అర్థమైనవాడికి ఇది ఒక పూట పని.

రింగ్స్ దారిలో లోటు లేదని కాదు. పూర్ణ సంఖ్యలు, బహుపదులతోనే తిరిగితే గుణకారంలో వరస మారినా ఫర్వాలేదన్న అలవాటు ఒంటబడుతుంది. తర్వాత గ్రూప్స్‌కి వచ్చినప్పుడు అది అడుగడుగునా దెబ్బకొడుతుంది. మాత్రికల రింగ్‌ని మధ్యలో ఒకసారి తిరగేస్తే కొంత నయం. సౌష్ఠవాల మీద మోజున్నవాళ్లు, కెమిస్ట్రీ, ఫిజిక్స్ నుంచి వచ్చేవాళ్లు గ్రూప్స్‌తోనే మొదలుపెట్టుకోవచ్చు.

లీనియర్ ఆల్జీబ్రా ముందా అంటారు కొందరు. అది ఎటూ రావాల్సిందే. నంబర్ థియరీ ముందు చదివినా నష్టం లేదు, సగం రింగ్స్ అందులోనే వచ్చేస్తాయి.

రింగ్స్‌తో మొదలుపెట్టినవాళ్లు ఫీల్డ్ ఎక్స్‌టెన్షన్ల (ఒక ఫీల్డ్‌ని ఇముడ్చుకున్న పెద్ద ఫీల్డ్స్) డిగ్రీల (అవి ఎంత పెద్దవో చెప్పే కొలత) వరకు ఆగకుండా వెళ్లొచ్చు. గుర్తుల్లేని స్కేలు, వృత్తలేఖినితో 60 డిగ్రీల కోణాన్ని మూడు సమభాగాలు చేయలేమని 1837లో ఫ్రెంచ్ గణితవేత్త వాంట్‌జెల్ నిరూపించాడు కదా, దాన్ని అర్థం చేసుకోవడానికి ఆ మాత్రం చాలు. గాల్వా థియరీ గుమ్మం దగ్గర మాత్రం ఆగి, గ్రూప్స్ పూర్తి చేసుకుని రండి.