రెండు డొమైన్ల మధ్య ఎమ్‌ఎస్‌డీపీ: ఎఫ్‌ఆర్‌రౌటింగ్ ఎంతవరకు పనికొస్తుంది?

మాదాపూర్‌లో ఒక ఆఫీసు, ఉప్పల్‌లో ఇంకొకటి. రెండిట్లోనూ మల్టీకాస్ట్ ఉంది, అంటే ఒక వీడియోని ఒక గ్రూప్ అడ్రస్‌కి పంపితే అడిగినవాళ్ళందరికీ చేరుతుంది. దేని పిమ్ (మల్టీకాస్ట్ దారులు వేసే ప్రోటోకాల్) డొమైన్ దానిదే, దేని ఆర్‌పీ (పంపేవాళ్ళనీ అడిగేవాళ్ళనీ కలిపే రౌటర్) దానిదే. మాదాపూర్‌లో వీడియో మొదలైందన్న కబురు ఉప్పల్ ఆర్‌పీకి చేర్చేది ఎమ్‌ఎస్‌డీపీ అనే ప్రోటోకాల్. లినక్స్ మీద నడిచే ఉచిత సాఫ్ట్‌వేర్ ఎఫ్‌ఆర్‌రౌటింగ్ ఆ పని బాగానే చేస్తుంది, కొన్ని మెలికలు తెలిసుంటే.

ఇన్‌స్టాల్‌కి పెద్ద శ్రమ లేదు. డీమన్స్ ఫైల్లో పిమ్‌డీ (పిమ్, ఎమ్‌ఎస్‌డీపీ నడిపే ప్రోగ్రాము) ఎదుట ఉన్న 'నో'ని 'ఎస్' చేసి సర్వీస్ రీస్టార్ట్ చేయాలి. పీర్‌కి, అంటే అవతలి ఆర్‌పీకి, ఒకటే లైను: అవతలి లూప్‌బ్యాక్ (రౌటర్ లోపలి, ఏ కేబుల్‌కీ ముడిపడని ఇంటర్‌ఫేస్) అడ్రస్, సోర్స్‌గా మన లూప్‌బ్యాక్. పాత వెర్షన్లలో ఇది 'ఐపీ ఎమ్‌ఎస్‌డీపీ పీర్' అని మొదలవుతుంది. కొత్తవాటిలో 'రౌటర్ పిమ్' లోపలికి వెళ్ళింది. పాత కాన్ఫిగ్‌ని అలాగే తెచ్చి అతికించే ముందు ఇది చూసుకోవాలి. ఆర్‌పీ అడ్రస్ లూప్‌బ్యాక్ మీద ఉంటే అక్కడా పిమ్ ఆన్ చేయాలి. లేకపోతే ఆ రౌటర్ తానే ఆర్‌పీనని గుర్తించదు, ఎస్ఏ మెసేజ్ (ఫలానా సోర్స్ మొదలైందన్న ఎమ్‌ఎస్‌డీపీ కబురు) పుట్టదు. ఎక్కువమంది మర్చిపోయేది ఇదే.

ఫైర్‌వాల్ దగ్గర ఇంకో మెలిక. మాదాపూర్ 10.255.0.1, ఉప్పల్ 10.255.0.2 అనుకుందాం. చిన్న అడ్రస్ ఉన్నవైపు నుంచే కనెక్షన్ మొదలవుతుంది, పెద్దది వింటూ కూర్చుంటుంది. కాబట్టి టీసీపీ 639 పోర్టు లోపలికి తెరవాల్సింది ఉప్పల్‌లో. డీఫాల్ట్ టైమర్లు కీప్‌అలైవ్ 60, హోల్డ్ (అవతలి నుంచి ఏమీ రాకపోతే ఆగి చూసే సమయం) 75, రీట్రై 30 సెకన్లు. అంటే మధ్యలో లింకు తెగిపోయినా 75 సెకన్ల దాకా సెషన్ బతికున్నట్టే కనిపించవచ్చు.

సెషన్ 'ఎస్టాబ్లిష్డ్' అని చూపిస్తూ వీడియో మాత్రం రాకపోతే 'షో ఐపీ ఎమ్‌ఎస్‌డీపీ ఎస్ఏ' కొట్టాలి. ఈ అవుట్‌పుట్ నిజంగా మెచ్చుకోదగ్గది: సోర్స్ (వీడియో పంపే యంత్రం), గ్రూప్, ఆర్‌పీతో పాటు ఎస్‌పీటీ (సోర్స్ దాకా నేరుగా వేసే దారి) అనే కాలమ్ ఉంటుంది. ఉప్పల్‌లో ఎంట్రీయే లేకపోతే లోపం మాదాపూర్‌లో, సోర్స్ రిజిస్టర్ అయిందో లేదో అక్కడ చూడాలి. ఎంట్రీ ఉండి ఎస్‌పీటీ 'ఎన్' అంటే ఆ గ్రూప్‌ని ఉప్పల్‌లో అడిగినవాళ్ళే లేరన్నమాట. 'వై' అయినా బొమ్మ రాలేదా, అనుమానం మధ్య లింకు మీద. ఎమ్‌ఎస్‌డీపీ కబురే మోస్తుంది. వీడియో రావాలంటే ఉప్పల్ నుంచి సోర్స్ వైపు పిమ్ జాయిన్ (ఆ వీడియో కావాలని అడిగే మెసేజ్) ఎదురెళ్ళాలి. ఆ లింకు మీద పిమ్ లేకపోయినా, సోర్స్ సబ్‌నెట్‌కి మామూలు (యూనికాస్ట్) రూట్ వేరే దారి చూపిస్తున్నా జాయిన్ దారిలోనే ఆగిపోతుంది. పంపే టూల్‌లో టీటీఎల్ (ప్యాకెట్ ఎన్ని రౌటర్లు దాటొచ్చో చెప్పే అంకె) డీఫాల్ట్‌గా 1 ఉంటే ప్యాకెట్ మొదటి రౌటరే దాటదు. కనీసం 16 పెట్టండి.

లోటు ఫిల్టర్ల దగ్గర. ఒక్కో పీర్‌కి ఎస్ఏ ఫిల్టర్ కొత్త విడుదలల్లోనే వచ్చింది. ప్రైవేటు గ్రూపులు 239.0.0.0/8 అవతలి సంస్థకి పొక్కకూడదంటే పాత వెర్షన్ వద్దు. ఐపీవీ6కి ఎమ్‌ఎస్‌డీపీయే లేదు, అది సాఫ్ట్‌వేర్ తప్పు కాదు.

రిసీవర్లన్నిటికీ ఐజీఎమ్‌పీవీ3 (గ్రూప్‌తో పాటు సోర్స్‌నీ పేర్కొని అడిగే ప్రోటోకాల్) వస్తే, వాటికి సోర్స్ అడ్రస్ ముందే తెలిస్తే, 232.0.0.0/8లో ఎస్‌ఎస్‌ఎమ్ (సోర్స్‌ని నేరుగా ఎంచుకునే మల్టీకాస్ట్) పెట్టుకుంటే ఈ శ్రమే అక్కర్లేదు. 2020లో వచ్చిన ఇంటర్నెట్ సాంకేతిక పత్రం ఆర్‌ఎఫ్‌సీ 8815 కూడా డొమైన్ల మధ్య అదే వాడమంటోంది. ఐజీఎమ్‌పీవీ2 దగ్గరే ఆగిపోయిన సెట్‌టాప్ బాక్సులు ఉన్న చోటికి ఎఫ్‌ఆర్‌రౌటింగ్ తీసుకోండి.