గండికోట అంచా, హార్స్లీ కొండా, మామిడితోటా: ఆరుబయట పెళ్లికి ఏది మేలు?

మాది ప్రొద్దుటూరు, నాకు కాబోయే ఆయనది మదనపల్లె, ఉద్యోగాలు ఇద్దరివీ బెంగళూరులో. పెళ్లి కల్యాణ మండపంలో కాకుండా ఆరుబయట చేసుకోవాలన్నది మా ఇద్దరి కోరిక. పెద్దలు ఒప్పుకున్నారు గానీ ఒక షరతు పెట్టారు: చోటు ఎక్కడైనా సరే, మా జేజి (అవ్వ) ఎవరూ ఎత్తుకోకుండా తన కాళ్లతో పందిరి దాకా నడిచి రాగలగాలి. ఆ షరతు విన్నాకే ఏ చోటునైనా ఎలా చూడాలో మాకు అర్థమైంది.

చివరికి మిగిలినవి మూడు. మా పుట్టింటికి దగ్గరున్న గండికోట, వాళ్లింటికి దగ్గరున్న హార్స్లీ హిల్స్, ఆ కొండ కింద మదనపల్లె వైపు ఉన్న ఒక మామిడితోట. ఒక్కో చోటికి తెల్లారేసరికి చేరుకుని, సద్దిమూట, నీళ్ల సీసాలు భుజాన వేసుకుని, పొద్దు వాలేదాకా నడిచాం. బండి ఆగే చోటు నుంచి పందిరి వేయగల చోటుకు ఎంత దూరం, నీడ ఎక్కడుంది, నీళ్లు ఎక్కడున్నాయి, గాలి ఎప్పుడు లేస్తుంది అన్నవి నడిస్తేనే తెలుస్తాయి. కారు దిగి పది నిమిషాలు చూస్తే ప్రతి చోటూ బాగానే కనిపిస్తుంది.

ముందే చెప్పేస్తున్నా, పెళ్లికి నా ఓటు మామిడితోటకే. ఇద్దరూ కలిసి నడవడానికైతే గండికోటను మించినది లేదు. నడవడానికి మంచి చోటు వేరు, నలుగురిని కూర్చోబెట్టడానికి మంచి చోటు వేరు. ఆ రెండింటినీ ఒకటే అనుకునే జంటలు చివర్లో చాలా టెన్షన్ పడాల్సి వస్తుంది.

గండికోట

జమ్మలమడుగు నుంచి పదిహేను కిలోమీటర్ల దూరంలో కోట. లోపల ఇప్పటికీ ఊరుంది. చార్మినార్ అని పిలిచే పావురాల గోపురం, మాధవరాయస్వామి గుడి, జామియా మసీదు, పక్కనే ధాన్యాగారం. పెమ్మసాని నాయకులు ఏలిన కోట ఇది. మసీదు దాటి బండల మీదుగా ముందుకు వెళితే ఉన్నట్టుండి నేల తెగిపోతుంది. అటూ ఇటూ నిలువునా లేచిన ఎర్రటి రాతి గోడలు, అడుగున పెన్న. చిన్నప్పుడు బడి పిల్లలతో కలిసి చూసిందే అయినా, తను పక్కన ఉండగా చూస్తే నోట మాట రాలేదు. ఇక్కడే తలంబ్రాలు పోసుకుంటే ఎంత బాగుంటుందో అని ఇద్దరికీ అనిపించిన మాట నిజం.

కానీ ఆ అంచు దాకా వెళ్లే దారిలో చివరి భాగం దారే కాదు, ఒక బండ మీద నుంచి ఇంకో బండ మీదికి కాలు చాపుకుంటూ పోవాలి. చాలా చోట్ల కంచె లేదు. చంటిబిడ్డల తల్లులు, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు, పట్టుచీరలు కట్టుకున్న ఆడవాళ్లు అక్కడికి రాలేరు, రాకూడదు కూడా. పోనీ కాస్త ఇవతలే పెట్టుకుందామా అంటే అక్కడా నేలంతా రాయే. పందిరి గుంజ పాతాలన్నా, వంటకు గాడిపొయ్యి తవ్వాలన్నా మట్టి ఉండాలి కదా. ఎండ సంగతి ఇక చెప్పక్కర్లేదు. వైశాఖంలో ఆ ప్రాంతంలో నలభై డిగ్రీలు దాటడం మామూలే, రాయి రాత్రి దాకా వేడి కక్కుతూనే ఉంటుంది.

వీటన్నిటికంటే పెద్ద సంగతి చట్టం. కోటలోని కట్టడాలు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. 1958 నాటి పురాతన కట్టడాల చట్టం కింద 1959లో వచ్చిన నిబంధనల ప్రకారం, రక్షిత కట్టడంలో విందులు, సభలు, వినోద కార్యక్రమాలు జరపాలంటే కేంద్ర ప్రభుత్వం రాతపూర్వకంగా అనుమతి ఇవ్వాలి. ఈ నిబంధన న్యాయమైనదని నా నమ్మకం. వందల ఏళ్లు నిలిచిన శిల్పాల దగ్గర ఒక్క పూట పెళ్లి కోసం హోమం పొగ, నూనె మరకలు, మేకులు ఎందుకు? కోట బయట పర్యాటక శాఖ హరిత హోటల్ ఉంది, బసకు పనికొస్తుంది. అయితే మన మనసు లాగేది లోయ అంచు, అది అక్కడికి దూరం.

కాబట్టి గండికోటను పెళ్లి చోటుగా కొట్టేశాం. పెళ్లికి ముందో తర్వాతో జంటగా ఒక రోజు నడిచి రావాల్సిన చోటుగా మాత్రం అందరికీ గట్టిగా చెబుతాను. శీతాకాలంలో వెళ్లండి, తెల్లవారుజామునే అంచుకు చేరండి, గట్టి బూట్లు వేసుకోండి.

హార్స్లీ హిల్స్

మా ఇద్దరి మధ్య అసలు వాదన జరిగింది దీని గురించే, ఎందుకంటే తన మనసు మొదటి నుంచీ ఇక్కడే ఉంది. సుమారు 1,265 మీటర్ల ఎత్తు. వెనకటికి ఏనుగు మల్లమ్మ కొండ అనేవాళ్లు. బ్రిటిష్ కాలంలో కడప కలెక్టరుగా ఉన్న హార్స్లీ దొర ఇక్కడ వేసవి విడిది కట్టుకోవడంతో ఆ పేరు పడింది. మదనపల్లె ఎత్తు దాదాపు 700 మీటర్లు కాబట్టి, కొండ మీద అక్కడి కంటే మూడు నాలుగు డిగ్రీలు చల్లగా ఉంటుంది. మే నెల పెళ్లికి ఆ తేడా వరమే.

ఘాట్ రోడ్డు వెంట నడుచుకుంటూ పైకి ఎక్కాం. నీలగిరి చెట్ల వాసన, మలుపు తిరిగిన ప్రతిసారీ కింద పొలాలు, చెరువులు. పైన గాలిబండ దగ్గర నిలబడితే మాటలు వినబడనంత గాలి. తనకు అది ఆనందం, నాకు అది ప్రశ్న. మన పెళ్లిలో మొదటి నుంచి చివరిదాకా దీపం, హోమం ఉంటాయి. ఆ గాలికి షామియానా గుడ్డ పడవ తెరచాపలా ఉబ్బుతుంది, నిప్పురవ్వలు ఎండుటాకుల మీదికి ఎగురుతాయి. చుట్టూ ఉన్నది రిజర్వు ఫారెస్టు, అందులో నిప్పు రాజేయడం అటవీ చట్టం ప్రకారం నేరం. అంటే కొండ మీద ఎక్కడ పడితే అక్కడ పెళ్లి కుదరదు, వసతి గృహాల ఆవరణ లోపలే, వాళ్లు ఒప్పుకున్న చోటే హోమం చేసుకోవాలి.

ఇంకో సమస్య మనుషులను పైకి చేర్చడం. ఘాట్ మలుపుల్లో వాంతులు చేసుకునే వాళ్లు ప్రతి కుటుంబంలో ఉంటారు. మేళం వాళ్లు, వంటవాళ్లు, పూలవాళ్లు, వాళ్ల సామాన్లు అన్నీ కింది నుంచే రావాలి. ఒక మసాలా డబ్బా మరిచిపోతే మళ్లీ కిందికి దిగాలి. కోతులు ఉన్నాయి, అరటి గెలలు, కొబ్బరికాయలు, పూలదండలు కంటపడితే వదలవు. పైన గదులు పరిమితం, మిగతా బంధువులు మదనపల్లెలో దిగి అర్ధరాత్రి ఘాట్ ఎక్కాలి. ముహూర్తం తెల్లవారుజామున పడితే మంచులో ఆ ప్రయాణం నాకు సమ్మతం కాదు.

అయినా ఒక సందర్భంలో నేను హార్స్లీకే ఓటు వేస్తాను. రెండు కుటుంబాలూ కలిపి ముప్పై నలభై మంది, అందరూ ముందు రోజే పైకి చేరి అక్కడే నిద్ర చేసేటట్లయితే, వైశాఖంలో ఇంతకంటే హాయి అయిన చోటు రాయలసీమలో దొరకదు. మా వైపు పిలవాల్సిన వాళ్లు అంతకు చాలా రెట్లు.

మామిడితోట

చూడ్డానికి ఇది మూడింటిలోనూ సాదా. తోట చివర నిలబడితే అదే హార్స్లీ కొండ కనిపిస్తుంది, అంతే. కానీ తోట గట్ల వెంట చుట్టూ నడుస్తున్నకొద్దీ ఒక్కో చిక్కు విడిపోతూ వచ్చింది. నేల మట్టి, గుంజ దిగుతుంది, గాడిపొయ్యి తవ్వొచ్చు. బోరు ఉంది. ట్రాక్టర్ వచ్చే బాట చదునుగా తోట మధ్య దాకా ఉంది. ఆ బాట మీద మా జేజిని తర్వాత తీసుకొచ్చి నడిపించాం, ఎక్కడా ఆగకుండా కబుర్లు చెబుతూ నడిచింది. తోరణానికి ఆకులు కొనక్కర్లేదు.

తోటకు తన కాలం తనకుంటుంది, అది తెలుసుకోకుండా ముహూర్తం పెట్టుకోవద్దు. మాఘంలో చెట్లు పూత మీద ఉంటాయి. ఫోటోలకు ఎంతో బాగుంటుంది గానీ, అప్పుడే తేనెమంచు పురుగు పడుతుంది, ఆకుల మీది జిగురు కింద కూర్చున్నవాళ్ల బట్టలకు అంటుకుంటుంది, రైతు మందు కొడతాడు. వైశాఖంలో కాయ మీద ఉంటుంది, జనం తిరగడం రైతుకు నష్టం. కోత అయ్యాక వానలు. ఫాల్గుణంలో పూత దశ చాలావరకు దాటి పిందెలు నిలబడతాయి, రాత్రుళ్లు చలి తగ్గుతుంది, వాన భయం తక్కువ. మేం దానికే మొగ్గాం.

ఫాల్గుణానికి ఇంకో కారణం ఉంది, అది నాకు అన్నిటికంటే ముఖ్యం. మండపాల్లో అరుంధతిని చూపించమంటే పంతులుగారు పైకప్పు వైపు చెయ్యి చూపించి కానిచ్చేస్తారు. ఆరుబయట పెళ్లి చేసుకుంటున్నాం కాబట్టి నేను ఆ చుక్కను నిజంగా చూడాలి. సప్తర్షి మండలంలో వసిష్ఠుడి పక్కన సన్నగా మెరిసే చుక్క అది. మార్గశిరంలో పెళ్లయితే రాత్రి మొదటి జాముల్లో సప్తర్షులు కనబడరు, వసిష్ఠుడూ అరుంధతీ దాదాపు అర్ధరాత్రి దాటాక గానీ ఉదయించరు. ఫాల్గుణం నడిమికి రాత్రి తొమ్మిదింటికే ఈశాన్యంలో పైకి వస్తారు, వైశాఖంలో ఆ వేళకు ఉత్తరాన బాగా ఎత్తులో ఉంటారు. అందుకే చోటు చూసేటప్పుడు ఉత్తరం, ఈశాన్యం వైపు చెట్లు అడ్డం లేకుండా చూసుకోండి. మా తోటకు ఈశాన్యాన వేరుశనగ చేను, ఆకాశం తెరిపిగా ఉంది. గాలిబండ మీద నుంచి ఇంకా బాగా కనబడుతుందని తను అన్నాడు, ఆ మాట నిజమే.

వేళ గురించి రెండు మాటలు. వధూవరులు తూర్పు ముఖంగా కూర్చుంటారు కాబట్టి పొద్దున ముహూర్తమైతే ఎండ వాళ్ల కళ్లలో పడుతుంది, సాయంత్రమైతే ఎదురుగా కూర్చున్నవాళ్ల కళ్లలో. పీటలు వేసే చోటుకు పడమట చెట్ల వరస ఉంటే గోధూళి ముహూర్తానికి ఏ ఇబ్బందీ లేదు. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా ఆరుబయట మైకులే కాదు, వాయిద్యాలు కూడా కుదరవు. గోధూళి ముహూర్తం అందుకూ నప్పుతుంది: పదిలోపు మేళం ముగుస్తుంది, భోజనాల మధ్యలో అరుంధతి దర్శనం అవుతుంది.

తోటకు అడ్వాన్స్ ఇచ్చే ముందు రైతుతో కాగితం మీద రాసుకోవాల్సినవి ఉన్నాయి. పెళ్లికి వారం ముందు నుంచి మందు కొట్టకూడదు, నీళ్లు పెట్టకూడదు, పెడితే నేల బురదవుతుంది. గుంజలు చెట్ల వేళ్లకు దూరంగా పాతాలి, గాడిపొయ్యి చెట్టు కొమ్మల కింద ఉండకూడదు, సెగకు పిందె రాలిపోతుంది. రాలిన పిందెకు, విరిగిన కొమ్మకు ఎంత ఇవ్వాలో ముందే అనుకోవాలి. విస్తళ్లు, మిగిలిన అన్నం పూడ్చే గుంట ఎక్కడ తవ్వాలో ఆయనే చూపించాలి, మర్నాడు దాన్ని పూడ్చి చదును చేసే బాధ్యత మనది.